కొలనోస్కోపీ, ఎండోస్కోపీ: క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నైలో ఒక ఎండోస్కోపీ విభాగంలో నర్సుని. మాది సూళ్ళూరుపేట. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్ళూ, ఇక్కడే పెరంబూరులోనో టి.నగర్‌లోనో ఎప్పటినుంచో ఉంటున్న మనవాళ్ళూ నేను తెలుగు మాట్లాడతానని తెలియగానే పక్కకి పిలిచి అడుగుతారు. దాదాపు అందరివీ ఇవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మీ ఒంటి సంగతి మీ డాక్టర్‌కే బాగా తెలుస్తుంది కాబట్టి మందుల విషయంలో చివరి మాట వాళ్ళదే.

## చేయించుకోవాలా వద్దా అనుకునేటప్పుడు

ఏ బాధా లేని మనిషికి గొట్టం వేసి చూడటం ఎందుకు సిస్టర్?

పెద్దపేగు క్యాన్సర్ ఉన్నట్టుండి పుట్టేది కాదు. చాలామందిలో ముందు పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న బుడిపె వస్తుంది. వాటిలో అడినోమా అనే రకం ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, కొన్ని మాత్రమే క్యాన్సర్‌గా మారతాయి. అలా మారడానికి పదేళ్ళు కూడా పట్టొచ్చు. అంతకాలం నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. కొలనోస్కోపీలో, అంటే మలద్వారం నుంచి కెమెరా ఉన్న గొట్టం (స్కోప్) పంపి పెద్దపేగుని చూసే పరీక్షలో, ఆ బుడిపె కనిపిస్తే చాలాసార్లు అప్పుడే తీసేస్తారు, అంటే జబ్బు రాకముందే దాని దారి మూసేస్తారు. కానీ ఇదంతా ఆ బుడిపె డాక్టర్ కంటికి కనిపిస్తేనే. కనపడకుండా పోతే పరీక్ష చేయించుకున్నామన్న ధైర్యం తప్ప ఇంకేమీ మిగలదు.

మా ఇంట్లో ఎవరు, ఏ వయసులో చేయించుకోవాలి?

మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్, అంటే ఏ బాధా లేనివాళ్ళకి ముందుగానే చేసే పరీక్ష, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే ఉంది, పెద్దపేగుకు లేదు. అమెరికాలో 2021 నుంచి మామూలు వాళ్ళకి 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు. ఇంట్లో అమ్మకో నాన్నకో తోబుట్టువుకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి ఏ వయసులో వచ్చిందో దానికి పదేళ్ళు ముందు, ఈ రెండిట్లో ఏది ముందైతే అప్పుడు చేయించుకోవాలి. విరేచనంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే మాత్రం వయసు లెక్క పెట్టుకోవద్దు. అది స్క్రీనింగ్ కాదు, వెంటనే చూపించుకోవాల్సిన విషయం.

మలం పరీక్షలో పాజిటివ్ వచ్చింది. మళ్ళీ ఒకసారి అదే పరీక్ష చేయించి చూద్దామా?

వద్దు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఒకసారి పాజిటివ్ వస్తే తర్వాత చేయాల్సింది కొలనోస్కోపీయే. రెండోసారి నెగటివ్ వచ్చినా మొదటిది చెరిగిపోదు, ఎందుకంటే పాలిప్ నుంచి రక్తం రోజూ కారదు. "మొలలు ఉన్నాయిలే, దానివల్లే అయి ఉంటుంది" అనుకుని నెలల తరబడి ఆగినవాళ్ళని చూశాను. దయచేసి ఆగకండి.

## ఎక్కడ చేయించుకోవాలో చూసుకునేటప్పుడు

డాక్టర్‌ని "మీ లెక్కలేంటి" అని అడిగితే బాగోదేమో? అసలు ఏం అడగాలి?

మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, లెక్క రాసుకునే చోట అయితే సంతోషంగా చెబుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఎ.డి.ఆర్. అంటే ఆ డాక్టర్ నూరుమందికి కొలనోస్కోపీ చేస్తే వాళ్ళలో ఎంతమందిలో కనీసం ఒక్క అడినోమా అయినా దొరికింది అన్న లెక్క. అమెరికా నిపుణుల సంఘాలు 2015లో ఇది 25 శాతానికి తగ్గకూడదన్నాయి, 2024లో దాన్ని 35 శాతానికి పెంచాయి. ఒకే పరీక్ష, ఒకేలాంటి మెషిన్, అయినా మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉంటుందంటే, 2014లో అచ్చయిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో 136 మంది డాక్టర్లను పోల్చి చూస్తే ఈ అంకె కొందరిలో 7 శాతం, కొందరిలో 50 శాతం పైన ఉంది. ఎ.డి.ఆర్ ఒక్క శాతం పెరిగితే, ఆ తర్వాత వాళ్ళ పేషెంట్లకి క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం తగ్గినట్టు కూడా అందులోనే తేలింది. నాకు ఈ ఒక్క విషయం తెలిశాక పని చేసే పద్ధతే మారిపోయింది.

ఒక మాట మాత్రం చెప్పాలి. మనవాళ్ళలో పాలిప్‌లు పాశ్చాత్య దేశాల్లో అంత ఎక్కువగా ఉండవు, కాబట్టి ఇక్కడి డాక్టర్ నుంచి సరిగ్గా అదే అంకె ఆశించడం న్యాయం కాదు. అంకె ఎంత అన్నదానికంటే, అసలు ఆ లెక్క పెట్టుకుంటున్నారా, తక్కువైతే ఏం చేస్తున్నారు అన్నది అడగండి. దాంతోపాటు ఇంకో రెండు అడగొచ్చు: నూటికి ఎంతమందిలో గొట్టం పెద్దపేగు మొదలు దాకా వెళ్తోంది అని, ఇందులో 95కి తగ్గకూడదు. ఎంతమందిలో పేగు సరిగ్గా శుభ్రమవుతోంది అని, ఇది 90 ఉండాలి.

తక్కువ డబ్బుకి చేసేచోట చేయించుకుంటే తప్పా?

తప్పు కాదు. బిల్లు పెద్దదైనంత మాత్రాన చూపు పదునుగా ఉండదు. ప్రభుత్వాసుపత్రుల్లో రోజూ చేతి నిండా కేసులు చూసే మంచి డాక్టర్లు ఉన్నారు. నేనైతే ధర పక్కన పెట్టి, ఒక్కో పేషెంట్‌కి ఎంత సమయం ఇస్తున్నారో చూస్తాను. పావుగంటకొకరు చొప్పున లోపలికి పంపిస్తుంటే ఎంత పేరున్న చోటైనా నాకు భయమే.

ఆ గొట్టం అందరికీ వాడేదే కదా, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకోదా?

సరిగ్గా శుభ్రం చేస్తే అంటుకోదు. కానీ ఆ "సరిగ్గా" అన్నదాంట్లో చాలా పని ఉంది. స్కోప్ బయటికి తీయగానే పేషెంట్ పక్కనే పైనంతా తుడిచి, లోపలి దారిలో ద్రావణం పీల్చాలి. తర్వాత కడిగే గదిలో గాలి ఎక్కించి ఎక్కడైనా చిల్లు ఉందేమో చూడాలి, ఎంజైమ్ ద్రావణంలో పెట్టి లోపలి సన్నని దారులన్నిటినీ బ్రష్‌తో చేత్తో రుద్దాలి. ఈ రుద్దడమే ప్రాణం, మురికి మిగిలిపోతే పైన ఎంత ఘాటు మందు పోసినా క్రిములు చావవు. ఆ తర్వాతే క్రిమిసంహారకం, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అయితే 20 నిమిషాలు మునగాలి, ఆ ద్రావణం బలం తగ్గిందేమో స్ట్రిప్‌తో రోజూ చూడాలి. కడిగాక లోపల స్పిరిట్ పంపి, గాలితో ఆరబెట్టి, నిలువుగా వేలాడదీయాలి. తడి మిగిలితే రాత్రికి రాత్రే క్రిములు పెరుగుతాయి. మీరు అడగాల్సింది రెండే: "ప్రతి స్కోప్‌కీ ఎప్పుడు, ఎవరు కడిగారో రిజిస్టర్ ఉందా?", "బయాప్సీ ఫోర్సెప్స్ (పరీక్షకి చిన్న ముక్క తీసే పట్టుకారు) కొత్తదా, ఆటోక్లేవ్ చేసిందా (వేడి ఆవిరితో క్రిములు చంపిందా)?"

## పేగు శుభ్రం చేసుకునేటప్పుడు

ఈ మందునీళ్ళు ఇంత తాగాలా? సగం తాగితే చాలదా?

చాలదు. తాగడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఉప్పగా ఉంటుంది, వాంతి వచ్చేలా ఉంటుంది. అయినా సగం పరీక్ష మీ చేతుల్లోనే ఉందని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పేగు గోడ మీద కాస్త మలం అంటుకుని ఉంటే దాని వెనక 5 మిల్లీమీటర్ల పాలిప్ ఎంత గొప్ప డాక్టర్‌కైనా కనపడదు. బల్లపరుపుగా గోడకి అతుక్కుని ఉండే రకమైతే అసలే కనపడదు.

తాగడానికి కొన్ని చిట్కాలు: చల్లగా చేసుకోండి, స్ట్రాతో తాగండి, గుక్కకీ గుక్కకీ మధ్య నిమ్మచెక్క వాసన చూడండి. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య పదిపదిహేను నిమిషాలు ఇవ్వండి. కడుపు ఉబ్బినట్టుంటే అటూ ఇటూ నడవండి. వాంతి అయితే అరగంట ఆగి మళ్ళీ మొదలుపెట్టండి, ఆగకుండా అవుతుంటే మాకు ఫోన్ చేయండి. చివరికి వచ్చే విరేచనం తేటగా, లేత పసుపు రంగులో, అడుగు కనిపించేలా ఉండాలి. ఇంకా బురదగా ఉంటే బయలుదేరే ముందే చెప్పండి, దాచొద్దు. "చెబితే వాయిదా వేస్తారేమో" అని దాచినవాళ్ళకి మత్తిచ్చి గొట్టం వేశాక చూస్తే ఏమీ కనపడక, అదంతా మళ్ళీ చేయాల్సి వస్తుంది.

మొత్తం ముందురోజు రాత్రే తాగేసి హాయిగా పడుకోవచ్చు కదా?

ఒకప్పుడు అలాగే చెప్పేవాళ్ళం. ఇప్పుడు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమంటున్నాం. కారణం ఏమిటంటే రాత్రంతా చిన్నపేగు నుంచి జిగట పసరు దిగి పెద్దపేగు మొదట్లో పేరుకుంటుంది, రాత్రి ఎంత కడిగినా పొద్దుటికి ఆ కుడివైపు మళ్ళీ పూత పూసినట్టవుతుంది. కనపడకుండా తప్పించుకునే పాలిప్‌లు ఎక్కువ ఉండేదీ ఆ కుడివైపే. రెండో సగం పరీక్షకి 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందు ముగించాలి. 9 గంటలకి పరీక్ష అయితే నాలుగింటికి లేవాల్సిందే. మత్తు డాక్టర్ ఇంకా ముందే ఆపమంటే ఆ మాటే వినండి.

ఏం తినాలో రాసిచ్చిన కాగితం తమిళంలో ఉంది, మాకు అర్థం కాలేదు.

ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అర్థం కాని కాగితం ఇచ్చి, పేగు శుభ్రం కాలేదని పేషెంట్‌ని అనడం సరికాదు. కాగితం తీసుకోగానే అక్కడే తెలుగు తెలిసినవాళ్ళతో చదివించుకోండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి.

మామూలుగా చెప్పేది ఇది. రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఉన్నవి మానేయాలి: గోంగూర, తోటకూర, మునగాకు, టమాటా, వంకాయ, బెండకాయ, జామ, దానిమ్మ, నువ్వులు, రాగిసంకటి, పచ్చళ్ళలో ఆవగింజలు. గింజలు వెళ్ళి స్కోప్ పీల్చే దారికి అడ్డుపడతాయి, ఒక్కోసారి మధ్యలో ఆపి స్కోప్ బయటికి తీయాల్సి వస్తుంది. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, గుడ్డు, తోలు లేని పప్పు కట్టు ఫరవాలేదు. ముందురోజు మాత్రం అటువైపు కనిపించేంత తేటగా ఉన్న ద్రవాలే: కొబ్బరినీళ్ళు, వడకట్టిన చారు తేట, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ. ఫిల్టర్ కాఫీ అంటే ప్రాణం అనేవాళ్ళుంటారు, పాలు పోయకుండా అయితే తాగండి. ఎర్ర రంగు షర్బత్‌లు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. ఐరన్ మాత్రలు డాక్టర్‌ని అడిగి వారం ముందే ఆపాలి, అవి మలాన్ని నల్లగా జిగటగా చేసి గోడకి అంటిస్తాయి.

ఊరి నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చి చేయించుకుని సాయంత్రానికి వెళ్ళిపోవచ్చా?

మందు తాగి ప్రయాణం పెట్టుకోవద్దు. సూళ్ళూరుపేట నుంచి సెంట్రల్‌కి వచ్చే లోకల్ రైల్లో బాత్‌రూమ్ ఉండదు, బస్సు సంగతి సరేసరి. అలా వచ్చినవాళ్ళు భయపడి రెండో సగం తాగకుండా వచ్చేస్తారు. ముందురోజే రండి. గ్రీమ్స్ రోడ్డు దగ్గరో, మీరు చూపించుకునే ఆసుపత్రికి దగ్గర్లోనో లాడ్జి తీసుకుంటే గదికి సొంత బాత్‌రూమ్ ఉండాల్సిందే, కామన్ బాత్‌రూమ్ ఉన్న గది చవకని తీసుకుని రాత్రంతా అవస్థ పడినవాళ్ళున్నారు. పెద్దవాళ్ళ పక్కన ఒకరు మేలుకుని ఉండాలి, నీరసంతో కళ్ళు తిరిగి పడిపోతారు. పరీక్ష అయ్యాక మత్తు పూర్తిగా దిగే దాకా, అంటే ఆ రోజంతా, బండి నడపకూడదు.

షుగర్, బీపీ, గుండె మాత్రలు వేసుకోవచ్చా?

ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, వేసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళు తిండి లేకుండా మామూలు డోసు వేసుకుంటే షుగర్ పడిపోతుంది, కాబట్టి ఉదయం మొదటి స్లాట్ అడగండి. రక్తం పలచబడే మాత్రల గురించి అవి రాసిన గుండె డాక్టర్‌నీ, స్కోప్ వేసే డాక్టర్‌నీ ఇద్దరినీ అడగాలి. కిడ్నీ జబ్బు ఉంటే అది ముందే చెప్పండి. సోడియం ఫాస్ఫేట్ ఉన్న విరేచన మందులు కిడ్నీని దెబ్బతీయొచ్చు, మెడికల్ షాపులో ఏదో ఒకటి ఇస్తే తీసుకోవద్దు.

## పరీక్ష గదిలో

మా బావగారికి చాలా తొందరగా అయిపోయింది. డాక్టర్ చేయి మంచిదనే కదా?

తొందరగా లోపలికి వెళ్ళడం చేతి నేర్పే, తొందరగా బయటికి రావడం మాత్రం కాదు. పేగు గోడని చూసేది ఎక్కువగా గొట్టం వెనక్కి తీసేటప్పుడే. ఆ వెనక్కి తీసే సమయం, పాలిప్ తీయడానికి పట్టేది కాకుండా, సగటున కనీసం 6 నిమిషాలు ఉండాలని చాలాకాలంగా ఉన్న నియమం, 2024లో అమెరికాలో దాన్ని 8 నిమిషాలకి పెంచారు. ఈ 6 నిమిషాల మాటకి బలమిచ్చింది 2006లో 12 మంది డాక్టర్ల మీద చేసిన ఒక అధ్యయనం. 6 నిమిషాలు, అంతకంటే ఎక్కువ తీసుకున్నవాళ్ళకి 28 శాతం మందిలో పాలిప్‌లాంటి పెరుగుదలలు దొరికితే, తక్కువ తీసుకున్నవాళ్ళకి 12 శాతంలోపే దొరికాయి. ఊరికే గడియారం చూస్తూ ఉంటే సరిపోదు, ప్రతి మడత వెనక్కీ చూడాలి, నీళ్ళు కొట్టి కడగాలి, అవసరమైతే పేషెంట్‌ని పక్కకి తిప్పాలి. మా దగ్గర వెనక్కి రావడం మొదలుపెట్టగానే నర్సు సమయం గట్టిగా చెప్పి రాస్తుంది.

గొట్టం చివరిదాకా వెళ్ళిందని మాకెలా తెలుస్తుంది?

ఫొటోలు అడగండి. పెద్దపేగు మొదలైన సీకమ్‌కి వెళ్తే రెండు గుర్తులు కనిపిస్తాయి: అపెండిక్స్ నోరు, చిన్నపేగు వచ్చి కలిసే కవాటం. ఈ రెండిటి ఫొటోలూ రిపోర్టులో ఉండాలి.

పై నుంచి వేసే ఎండోస్కోపీకి కూడా ఇలాంటి లెక్కలు ఉంటాయా?

నోటి నుంచి గొట్టం పంపి పొట్టని చూసే ఆ పరీక్షకీ ఉంటాయి, దాని గురించి ఎవరూ పట్టించుకోరు, అదే నా బాధ. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే చెన్నై రిజిస్ట్రీలో (ఊళ్ళో వచ్చే క్యాన్సర్ కేసుల లెక్కలో) మగవాళ్ళకి జీర్ణాశయ క్యాన్సర్ ఏళ్ళుగా ముందు వరుసలోనే ఉంటోంది. అయినా ఇక్కడ రెండు నిమిషాల్లో గొట్టం వేసి తీసేసి "గ్యాస్ట్రైటిస్" (పొట్ట లోపలి పొర వాపు) అని రాసేయడం మామూలైపోయింది. యూరప్ నిపుణులు లోపలికి వెళ్ళి బయటికి వచ్చేదాకా కనీసం 7 నిమిషాలు చూడమంటారు, కనీసం 10 ఫొటోలు తీయమంటారు. జపాన్‌లో కొందరు పద్ధతి ప్రకారం పొట్టలోనే 22 ఫొటోలు తీస్తారు, ఏ మూలా వదిలిపెట్టకూడదని. పరీక్షకి ముందు నురగ తగ్గించే సిమెథికోన్ తాగిస్తే గోడ తేటగా కనిపిస్తుంది, ఇస్తారా అని అడగండి. పొట్ట ఎండోస్కోపీ "బాగుంది" అన్న మూడేళ్ళలోపే క్యాన్సర్ బయటపడిన కేసులు, మొత్తం ఈ క్యాన్సర్లలో పదో వంతు దాకా ఉంటాయని విదేశీ లెక్కలు చెబుతున్నాయి.

ఏఐ ఉన్న మెషిన్ అయితేనే మంచిదా?

పాలిప్ కనిపించగానే తెర మీద చుట్టూ గీత గీసి చూపించే ఏఐ నిజంగానే సాయం చేస్తుంది, ఎక్కువ పాలిప్‌లు దొరుకుతున్నాయి. కానీ కెమెరా ముందుకి రాని చోటుని ఏఐ కూడా చూడలేదు. మురికి పేగులో అదీ అంతే. 2025లో పోలెండ్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, ఏఐకి అలవాటు పడ్డాక అది లేకుండా చేసిన పరీక్షల్లో డాక్టర్లకి అడినోమాలు దొరకడం 28 శాతం నుంచి 22 శాతానికి పడిపోయింది. కాబట్టి మెషిన్ పేరు కంటే ముందు మనిషి గురించి అడగండి.

పేగుకి చిల్లు పడుతుందని అంటున్నారు, భయంగా ఉంది.

పడే అవకాశం ఉంది, చాలా అరుదు. స్క్రీనింగ్ పరీక్షల్లో వెయ్యికి ఒకటి కంటే తక్కువ ఉండాలన్నది ప్రమాణం. ఇంటికి వెళ్ళాక కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం పోతున్నా గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు, అర్ధరాత్రైనా అత్యవసర విభాగానికి వెళ్ళండి.

## రిపోర్టు చేతికొచ్చాక

"పేగు సరిగ్గా శుభ్రం కాలేదు, కనిపించినంతలో నార్మల్" అని రాశారు. నార్మలే కదా?

కాదు. ఇది మా ఇంట్లోనే జరిగింది. కొన్నేళ్ళ క్రితం మా నాన్నకి వేరేచోట చేయించాం, రిపోర్టు చివర "నార్మల్" అన్న మాట చూసి అందరం ఊపిరి పీల్చుకున్నాం. పైన చిన్న అక్షరాల్లో శుభ్రత సరిగ్గా లేదని ఉంది. అప్పటికి నేను ఈ విభాగంలోకి రాలేదు, ఎవరూ మాకు చెప్పలేదు. మళ్ళీ చేయించేసరికి కుడివైపు పెద్ద పాలిప్ ఉంది. దేవుడి దయవల్ల అది ఇంకా క్యాన్సర్ కాలేదు, తీసేశారు. మొదటి కాగితంలోని ఆ ఒక్క వాక్యం ఎవరైనా తెలుగులో చదివి చెప్పి ఉంటే అంత ఆలస్యం అయ్యేది కాదు.

శుభ్రతకి బోస్టన్ స్కోర్ అని ఉంటుంది. పేగుని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా ఇస్తారు, మొత్తం 9. ఒక్కో భాగానికీ కనీసం 2 రావాలి. రెండు భాగాల్లో మూడేసి వచ్చి మొత్తం 6 అయినా, ఒకచోట 0 ఉంటే అది చూసినట్టు కాదు. స్కోర్ తక్కువైతే ఏడాదిలోపే మళ్ళీ చేయించుకోవాలి.

పాలిప్ తీశారు. అంటే క్యాన్సర్ వచ్చినట్టేనా? మళ్ళీ ఎప్పుడు రావాలి?

చాలావరకు కాదు. తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ పడటం సహజమే, కానీ ఆ రిపోర్టు తీసుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది మాత్రం చేయొద్దు. తర్వాతి పరీక్ష ఎప్పుడన్నది దాని మీదే ఆధారపడుతుంది. అమెరికా 2020 సూచనల ప్రకారం, పేగు బాగా శుభ్రంగా ఉండి, 1 సెంటీమీటర్ కంటే చిన్న అడినోమాలు ఒకటో రెండో ఉంటే 7 నుంచి 10 ఏళ్ళకి, మూడు నాలుగు ఉంటే 3 నుంచి 5 ఏళ్ళకి, 1 సెంటీమీటర్ లేదా అంతకంటే పెద్దది ఉంటే 3 ఏళ్ళకి. ఏమీ లేకపోతే పదేళ్ళు. ఏమీ దొరకని మనిషిని ఏటా రమ్మనడం కూడా మంచి పద్ధతి కాదు, ఎందుకని అడగండి.

నార్మల్ అన్న రెండేళ్ళకే క్యాన్సర్ వచ్చింది. డాక్టర్ తప్పేనా?

ఒక్క కేసు చూసి చెప్పలేం. కొన్నిసార్లు పాలిప్ కంటికి చిక్కదు, కొన్నిసార్లు సగమే తీసి ఉంటారు, కొన్ని చాలా వేగంగా పెరుగుతాయి. మంచి చోట ఇలాంటి కేసు తెలిసినప్పుడు పాత ఫొటోలు, సమయం, శుభ్రత స్కోర్ అన్నీ బయటికి తీసి అందరూ కూర్చుని చూస్తారు. కాబట్టి కోపంతో చోటు మార్చేసే ముందు, మొదట చేసినవాళ్ళకి ఈ విషయం తప్పకుండా తెలియజేయండి. తెలియకపోతే వాళ్ళ లెక్కలో మీరు ఇంకా నార్మల్‌గానే ఉంటారు.

ఈ కాగితాలన్నీ దాచుకోవాలా?

దాచుకోండి. ఫొటోలున్న రిపోర్టు, బయాప్సీ కాగితం, తర్వాతి పరీక్ష తేదీ, ఈ మూడూ ఒక కవర్లో పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి పిల్లల్లో ఇద్దరికైనా పంపండి. ఫొటోల కాగితం ఎండ తగిలే చోట పెడితే వెలిసిపోతుంది. ఊరు మారినా, డాక్టర్ మారినా తర్వాతిసారి పరీక్షకి వచ్చేటప్పుడు ఆ కవర్ మందుల సంచిలో పెట్టుకుని రండి.